కోళ్ళ దాణాలో కొలిస్టిన్ కలపరాదు



కోళ్ళు పెంచేవారిలో చాలామంది కొలిస్టిన్ పేరు వినే ఉంటారు. పారుడు రాకుండా ఉండుటకు, బరువు త్వరగా పెరుగుటకు అని దీనిని దాణాలోను, త్రాగే నీటిలోను కలుపుతూ వచ్చారు. ఆహారం కొరకు పెంచే పశువులకు, కోళ్ళకు, చేపలు రొయ్యలకు ఈ మందును తయారుచేయుట, అమ్ముట 2019 జూలైలో భారత ప్రభుత్వం నిషేధించింది. కారణం తెలియని యెడల ఇది మరొక ఆంక్షగానే తోస్తుంది. అందుచేత కారణమే చెబుతాను.

కొలిస్టిన్ కొత్త మందు కాదు. 1950 ప్రాంతంలో జపానులో, నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి నుండి దీనిని తీశారు. మూత్రపిండాలను దెబ్బతీస్తున్నదని తరువాత వైద్యులు మనుష్యులకు ఇచ్చుట చాలవరకు మానుకున్నారు. పశువులకు మాత్రం వాడకం సాగింది. ఇంతలో ఆసుపత్రులలో కొన్ని సూక్ష్మజీవులు మిగిలిన మందులకు లొంగడం మానివేశాయి. వైద్యులు తిరిగి కొలిస్టిన్‌నే ఆశ్రయించవలసి వచ్చింది. సూక్ష్మజీవులు రక్తంలో చేరిన పసిబిడ్డకు ఏ మందూ పనిచేయనప్పుడు చివరకు మిగిలే కొద్ది మందులలో ఇది ఒకటి. మనం దాణాలో కలుపుతూ వచ్చినది ఆ మందునే.

ఈ మందు సూక్ష్మజీవి పైపొరకు అంటుకొని, దానిని చీల్చి చంపుతుంది. ఎం.సి.ఆర్-1 అనే జన్యువు ఉన్న సూక్ష్మజీవి తన పైపొరను మార్చుకుంటుంది; మందు సరిగా అంటుకోదు. ఈ జన్యువును చైనా శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించారు. ఇది మొదట కనబడినది షాంఘైలోని పందుల ఫారం నుండి తీసిన ఈ.కోలై అనే పేగుల సూక్ష్మజీవిలో. వారి పరీక్షలలో పశువుల నమూనాలు 804కు 166లోను, పచ్చిమాంసం నమూనాలు 523కు 78లోను, ఆసుపత్రి రోగుల నమూనాలు 1,322కు 16లోను ఇది ఉన్నది. ఈ వరుస చూడండి. పశువులలో ఎక్కువ, మనుష్యులలో తక్కువ. ప్రయాణం ఎటునుండి ఎటు సాగినదో ఊహించవచ్చు.

మంచి విత్తనం దొరికిన రైతు పొరుగువానికి ఒక మానెడు ఇచ్చినట్లు, ఒక సూక్ష్మజీవి ఈ జన్యువును వేరొక జాతి సూక్ష్మజీవికి సైతం అందించగలదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

అయితే నిరాశపడనక్కరలేదు. చైనా 2017లో బరువు పెరుగుటకై దాణాలో కొలిస్టిన్ కలుపుట మాన్పించింది. పందులలోని ఈ.కోలైలో కొలిస్టిన్‌కు లొంగనివి 2015-16లో నూటికి 34 ఉండగా 2017-18లో 5కు దిగాయి. కోళ్ళలో 18 నుండి 5కు దిగాయి.

సేద్యం పాఠాలు చెప్పేవాడికి కోళ్ళతో పనేమి అని మీరు అడుగవచ్చు. కోళ్ళ ఎరువు చివరకు చేరేది పొలానికే కదా! మందుకు లొంగని సూక్ష్మజీవులూ దానితోనే వస్తాయి.

కనుక దాణా బస్తా మీద ఏమేమి కలిపినదీ చదవండి, వ్రాసి లేని మిశ్రమం కొనకండి. పారుడు కనబడిన యెడల దుకాణదారుని కాక పశువైద్యుని అడగండి. షెడ్డులో ఊక పొడిగా ఉంచి, నీటి గొట్టాలు కడిగి, టీకాలు వేళకు వేయించినచో మందుల అవసరమే తగ్గుతుంది.

ఇక ఎరువు సంగతి. పచ్చి ఎరువు చల్లకండి. తగినంత తడిపి కుప్ప వేసి, పలుమార్లు తిరగవేయండి. కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిచినచో హాని చేసే సూక్ష్మజీవులు చాలవరకు చస్తాయి. ఇనుప గడ్డపారను కుప్ప మధ్యకు దించి పది నిమిషాల తరువాత తీయండి. చేతితో పట్టుకోలేనంత కాలిన యెడల కుప్ప సరిగా మాగుతున్నట్లు. కొత్తిమీర, ముల్లంగి వంటి పచ్చిగా తినే పైర్లకు బాగా మాగిన ఎరువే వేయండి.