చికిత్స సగంలో ఆగకూడదు



గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అని లోకమంతా వాదిస్తోంది. 2018లో కెనడా, 2024లో జర్మనీ అనుమతించినా, 18 ఏళ్లు నిండనివారికి అక్కడా అనుమతి లేదు. అంటే మా బడి పిల్లల విషయంలో రెండో మాట లేదు.

కాని అలవాటుపడిన బిడ్డను పరువు కోసం, కేసు భయంతో ఇంట్లోనే దాచేస్తున్నాం. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడ్డా, అలవాటుపడినవాడు తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

రోజుకూలీ ఇంటికి కష్టం అక్కడే. దారి ఖర్చులు, పోయిన కూలి డబ్బు మనం భరిద్దాం. మీ సదఖాలో కొంత ఇందుకు కేటాయించండి. 14446 ఉచిత హెల్ప్‌లైన్ నంబరును ప్రతి ఇంటికీ చేర్చండి.