సోడా మర్యాద

తెలుగువారి వాడుకలో సోడా అను మాట రెండు వస్తువులకు చెల్లుచున్నది. ఒకటి సీసాలో బుసకొట్టునది. రెండవది బజ్జీల పిండిలో చిటికెడు పడునది. రెండు వేరు వస్తువులను ఒక్క పేరుతో పిలుచుట తగదని పండితులు అనవచ్చును. సోడాప్రియుడు మాత్రము ఒప్పుకొనడు. రెంటియందును పొంగునది ఒకే బొగ్గుపులుసు వాయువు గనుక పేరు ఒక్కటియైనచో నష్టమేమని అతని వాదము. ఈ ప్రసంగమునకు నాయకుడు అతడే. అతని పేరుతో పని లేదు. ప్రతి ఆఫీసులోను, ప్రతి పేటలోను అట్టివాడొకడు ఉండనే యుండును. భోజనమైన తరువాత "ఒక సోడా కొట్టినచో బాగుండును" అని మొదట పలుకువాడే అతడు.

అతనిని చూడవలెనన్నచో సూరతు నగరమునకు దక్షిణముననున్న పాండేసరకు పోవలెను. అది గుజరాతు పారిశ్రామికాభివృద్ధి సంస్థవారి ఎస్టేటు. బట్టలకు రంగులద్దు మిల్లులు, అచ్చులు వేయు మిల్లులు అక్కడ వరుసగా నున్నవి. బాయిలరుల ఆవిరి, రంగుల వాసన, మరమగ్గముల చప్పుడు, వీటన్నిటిపైన సముద్రతీరపు ఉక్క. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహారు, మహారాష్ట్రములనుండి వచ్చినవారితో పాటు వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల నేతపనివారు తరములుగా సూరతులో స్థిరపడియున్నారు. లింబాయతు, ఉధ్నా మొదలైన పేటలలో తెలుగు వినబడును. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను నడపుటయే ఆ సంఖ్యకు సాక్ష్యము. మగ్గముకడ పండ్రెండు గంటలు నిలుచువాని గొంతు ఎట్లెండునో పంకా క్రింద ఫైలు వ్రాయువారికి వేరుగ చెప్పిననే గాని తెలియదు. షిప్టు మారు వేళ మిల్లు ద్వారమునొద్ద బండివాడు సీసా మూత తీసిన చప్పుడు అట్టివానికి సన్నాయివలె వినిపించును.

సోడా పుట్టుక ఒక సారాబట్టీ ప్రక్కన జరిగినది. ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను మతబోధకుడు ఒక బీరు బట్టీకి పొరుగున నుండెడివాడు. పులియు ద్రవముపైన నిలిచిన వాయువును ఆయన 1767లో నీటికి ఎక్కించి చూచెను. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకముగ వెలువరించెను. నావికులను పీడించు స్కర్వీ వ్యాధికి ఈ నీరు మందగునని ఆయన ఆశపడెను. ఆ ఆశ ఫలింపలేదు. స్కర్వీకి మందు నిమ్మజాతి పండ్లలో నున్నదని జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు 1747లోనే నావికులపై పరీక్షించి చూపియుండెను. ఒకరిది సోడా, ఒకరిది నిమ్మకాయ. ఆ ఇద్దరు మహానుభావులను ఒకే గ్లాసులో కలిపినవాడు మాత్రము బండివాడే! నిమ్మకాయ సోడా త్రాగువాడు ఇంగ్లండు విజ్ఞాన చరిత్రలోని ఒక తప్పును, ఒక ఒప్పును ఒక్క గుక్కలో మ్రింగుచున్నాడు.

1783లో జెనీవాలో యోహాన్ యాకబ్ ష్వెప్ ఈ నీటిని వ్యాపారమునకు తెచ్చెను. అయినను తెలుగువాని మనస్సును దోచినది నీరు కాదు, సీసా. లండనులో హైరమ్ కాడ్ అనునతడు 1872లో పేటెంటు పొందిన గోలీసీసా యంత్రశాస్త్రమున ఒక చిన్న అద్భుతము. సీసా మెడలో ఒక గాజుగోలీ, దానికి పైన రబ్బరు ఉంగరము. సీసాను తలక్రిందులు చేసి నీటిని, వాయువును నింపుదురు. లోపలి ఒత్తిడియే గోలీని పైకి నెట్టి ఉంగరమునకు అదిమిపట్టును. దొంగనే తలుపునకు కావలి యుంచినట్లు, తప్పించుకొని పోజూచు వాయువే తన మార్గమును తాను మూసికొనును. బొటనవ్రేలితోనో, కొయ్యమూతతోనో గోలీని అదిమినచో కీచుమని ఒక కేక. గోలీ క్రిందికి దిగును. మెడలోని నొక్కులకు చిక్కుకొని మరల అడ్డుపడకుండ ఆగును. ఇంగ్లండులో ఈ సీసాలు కరువగుటకు పిల్లలు గోలీలకై పగులగొట్టుట ఒక కారణమని చెప్పుదురు. తెలుగునాట పిల్లలేమి తక్కువ తినలేదు.

ఈ బుడ్డి తెలుగుభాషకును సేవ చేసినది. మందపు అద్దములవాడు సోడాబుడ్డి కళ్ళద్దాలవాడాయెను. రైల్వే స్టేషనులలో "సోడా, కలర్" అను కేక ఒక జంటపదముగ స్థిరపడెను. సాదాది సోడా, రంగు తీపి కలిసినది కలరు. పెండ్లివారి విడిదికి కలర్ల పెట్టెలు పోకున్నచో మగపెండ్లివారు ముఖము ముడుచుకొనెడివారు. ఇక ఎన్నికల తగాదాలలో బుడ్లు గాలికెగిరిన సంగతి సభలోని పెద్దలకు కొత్త కాదు. ఆ అపకీర్తి నుండి గోలీసోడా ఎంత మర్యాదకు వచ్చినదనగా, 2025 మార్చిలో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖవారే అమెరికా, బ్రిటను, ఐరోపా, గల్ఫు దేశములకు దాని ఎగుమతిని గూర్చి ప్రకటన వెలువరించిరి.

సూరతు నగరమునకు తనదైన పానీయమొకటి కలదు. 1923లో, స్వదేశీ ఆవేశపు దినములలో, ఆంగ్లేయుల విమ్టోకు పోటీగా అబ్బాస్ అబ్దుల్ రహీం హజూరీ దానిని తయారుచేసెను. మొదట దానికి పెట్టిన పేరు "విస్కీ నో". సారాయి కాదని సీసాయే చెప్పుచున్నదన్నమాట! ఆ పిమ్మట మిత్రుడను అర్థమిచ్చు లాటిను మాటనుండి సోషియో అని మార్చిరి. ఆ మాట జనుల నోట పడి సోస్యో అయినది. కంపెనీ పెట్టిన పేరును త్రాగువారు దిద్దుట, ఆ దిద్దుబాటును కంపెనీ శిరసావహించుట మిక్కిలి అరుదైన మర్యాద. తెలుగునాట దీనికి సరియైన తోబుట్టువు గోదావరి సీమలోని రామచంద్రపురమున నున్నది. 1919లో సోడాల వ్యాపారముగ మొదలై ఆర్టోస్ అను పేర వ్యాపించిన ఆ పానీయమును కోనసీమవారు నేటికిని ఇంటిమనిషివలె పలకరింతురు. ఇట్టి ఊరిపానీయముల రుచి అమృతమని చెప్పుట అతిశయోక్తి యగును. ఆ రుచి ఆ ఊరిది. అంతే. పొరుగూరినుండి వచ్చినవాడు దానిని మొదటిసారి ముఖము చిట్లించి త్రాగి, మూడవసారి అడిగి త్రాగునాటికి ఆ ఊరివాడగును. సూరతు తెలుగువారి పిల్లలు సోస్యోను అడిగి త్రాగుటలో వింత లేదు.

పెద్ద కంపెనీల కథ క్లుప్తముగ చెప్పిన చాలును. 1886లో అట్లాంటాలో పుట్టిన కోకాకోలా 1950లో భారతదేశమునకు వచ్చి, విదేశీ మారక చట్టమునకు లోబడి వాటాలను తగ్గించుకొనుటకు ఇష్టపడక 1977లో వెడలిపోయెను. ఆ లోటు తీర్చుటకు కేంద్ర ప్రభుత్వపు రొట్టెల సంస్థ డబుల్ సెవెన్ అను కోలాను దింపెను. సర్కారు తయారుచేసిన సోడా! దానికి నోట్ షీటు, ఆడిటు అభ్యంతరము ఉండియేయుండునని ఈ సభలోనివారు ఊహింపగలరు. ఫైలు కదలు వేగముతో వాయువు నిలుచునా? అది నిలువలేదు. అదే 1977లో పార్లేవారు దింపిన థమ్సప్ నిలిచెను. 1993లో కోకాకోలా తిరిగివచ్చి దానిని కొనివేసెను. ఇటీవల, 2023లో, సోస్యో కంపెనీలో సగము వాటాను రిలయన్సు సంస్థ తీసికొన్నది. ఊరి పేరు సీసాపై మిగిలినది. సీసా ఎవరిదను ప్రశ్న సగమే మిగిలినది.

తిండి సంగతికి వత్తము. కాశిలో చావవలెను, సూరతులో తినవలెను అని గుజరాతీలకు సామెత కలదు. ఆ సూరతు తిండిలో పేరుగన్నది ఖమణ్. శనగపిండిని పులుపుతో కలిపి, చివర సోడా వేసి, ఆవిరిపై ఉడికింతురు. పులుపు తగులగనే సోడానుండి బొగ్గుపులుసు వాయువు వెలువడి పిండిని దూదివలె పొంగించును. సీసాలో కేకవేసిన వాయువే ఇక్కడ నోరు మెదపక పనిచేయుచున్నది. అట్టి ఖమణ్ సరిగా కుదరక ముద్దయైపోగా పుట్టినదే లోచో అని సూరతువారు నవ్వుచు చెప్పుకొందురు. లోచో అనగా గందరగోళము. చెడిన వంటను పారవేయక, నూనె, కారప్పూస, ఉల్లి జోడించి కొత్త పేరుతో అమ్ముకొన్న ఆ తెలివి సూరతు వర్తకులకే తగును. శీతకాలమున వచ్చు పోంకును చూచినచో తెలంగాణపు నేతకానికి ప్రాణము లేచివచ్చును. పాలకంకులు కాల్చి నలిచిన ఆ జొన్నలు వాని ఊరిలోని ఊచబియ్యమే గదా. ఇంతకును ఇడ్లీ రుబ్బు రాత్రికి రాత్రి పొంగునది ఏ వాయువుచేత? ఇడ్లీ తినుచు సోడాను నిందించువానిని సోడాప్రియుడు జాలితో చూచును.

నాలుకపై సోడా చుఱుక్కుమనుట బుడగలు పగులుటవలన కాదని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పులుపును గుర్తించు కణములలోని ఒక ఎంజైము ఆ వాయువును ఆమ్లముగ మార్చి నాలుకకు తెలుపునని 2009లో బయటపడెను. ఆ ఎంజైమును అణచు మందును మ్రింగి కొండలెక్కువారికి సోడా చప్పగ నుండును. పాపము, వారి శిఖరములు వారికే ఉండుగాక.

ఇంతవరకు వేడుక. వేడుక కాని మాట ఒకటి కలదు. కోలా వంటి తీపి పానీయమున నూరు మిల్లీలీటరులకు ఇంచుమించు పది గ్రాముల చక్కెర యుండును. పావులీటరు త్రాగినచో ఇరువదియైదు గ్రాములు. చెంచాలతో కొలిచిన అయిదారు. పెద్దవారికి దినమునకు అంతకు మించని చక్కెర మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. మిల్లు పనివాడు పగటి వేళ ఒకటి, రాత్రి షిప్టులో నిద్ర ఆపుకొనుటకు ఒకటి త్రాగుచున్నాడు. చల్లనిది కడుపులో పడగనే ఆకలి కొంత మందగించును. డబ్బాలోని జొన్నరొట్టె సగము మిగులును. పది రూపాయలకు దొరకు చిన్న సీసా రొట్టెకంటె చౌకగ కనబడుటయే ఇందులోని ప్రమాదము. చెమటతో పోయినది నీరు, ఉప్పు. లోనికి పోయినది చక్కెర. ఆ లెక్క సరిపోదు. వెనుకటి నేతకాడు అంబలియో, ఉప్పు వేసిన పల్చని మజ్జిగయో త్రాగి మగ్గములో దిగెడివాడు. అతనికి ఏ సంస్థయు సలహా చెప్పలేదు.

అయితే ఈ నేరము సోడాదా? సోడాప్రియుడు ఇక్కడ న్యాయవాదియై లేచును. వాయువునందు చక్కెర లేదు; సాదా సోడా కేవలము నీరు. కలరు చేసిన తప్పునకు సోడాను బోనులో నిలుపుట అన్యాయమని అతడు వాదించును. కేంద్ర ప్రభుత్వమువారు సైతము అతని పక్షముననే తీర్పు చెప్పిరి. 2025 సెప్టెంబరు 22 నుండి తీపి కలిసిన వాయుపానీయములపై వస్తుసేవల పన్ను నూటికి నలుబది; తీపియు పరిమళమును లేని సాదా సోడాపై నూటికి అయిదు. పన్నుల పట్టికలో కవిత్వము దొరకదందురు గాని, సోడాప్రియుడు ఆ రెండు పంక్తులను కంఠస్థము చేసినాడు.

పాండేసర బండికడ బండివాడు "మీఠా, కె ఖారా?" అని అడుగును. తీపియా, ఉప్పా అని ప్రశ్న. సోడాప్రియుడు ఖారా అనును. అరచెక్క నిమ్మకాయ, చిటికెడు నల్లుప్పు, కొంచెము వేయించిన జీలకఱ్ఱపొడి గ్లాసులో ముందే వేసియుంచి, సోడాను ఎత్తునుండి కాక గ్లాసు అంచు వెంబడి పోయవలెను. లేనిచో ఉప్పు తగిలి నురుగంతయు చొక్కాపై పడును. నురుగు అంచునకు వచ్చిన క్షణముననే త్రాగవలెను. ఆ సమయమున పలకరించినవారికి ప్రత్యుత్తరము రాదు.