అద్దానికి అతుక్కున్న ఫోటో



మా అమ్మాయి డిగ్రీ అయ్యాక మ్యూజియాలజీ చదువుతానంది. నేను ఇంజనీరుని. "పాత సామాన్లు తుడవడానికి ఎమ్మే ఎందుకమ్మా?" అన్నాను. తను వాదించలేదు. ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. 1852లో పూర్తయిన ఆనకట్ట నాటి యంత్రాల ముందు అరగంట నిలబడిపోయాను. "ఎవరో దాచబట్టేగా చూస్తున్నావు నాన్నా" అంది.

తర్వాత ఇద్దరం కూర్చుని కాలేజీలు వెతికాం. బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1952 నుంచి ఉంది. నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది. పేరు చూసి మాత్రం చేర్చకండి. కన్జర్వేషన్ ల్యాబ్ ఉందా, మ్యూజియంలో ఎన్నాళ్ళు పని చేయిస్తారు, చదివినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు, ఈ మూడూ అడగండి. ఉద్యోగాలు తక్కువన్న సంగతీ పిల్లలకు ముందే చెప్పండి. మా అమ్మాయికి చెప్పాను. అయినా చేరింది.

ఈ సంచిక కోసం మా పదో తరగతి గ్రూప్ ఫోటో దించితే, చెమ్మకు అద్దానికి అతుక్కుపోయి ఉంది. ఊడదీయబోయాను. "లాగకు నాన్నా, ముఖాలు ఊడొస్తాయి. అద్దంతోనే స్కాన్ చేద్దాం" అంది. మన మాస్టార్లు అలా దక్కారు.

మీ ఇళ్ళల్లోనూ అలాంటివి ఉంటే లాగకండి. మా అమ్మాయికి చూపించండి.