పన్ను తీయించుకున్నాక ఆ ఒక్క రోజు

(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)



ఈ రోజు మనం పంటి గురించి మాట్లాడుకుందాం. పన్ను నొప్పి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఉంటే చేయి ఎత్తండి. చూశారా, ఒక్క చేయి కూడా లేవలేదు!

పన్ను నొప్పి తిననివ్వదు, పడుకోనివ్వదు. అయినా మనం ఏం చేస్తాం? లవంగం పెట్టుకుంటాం. పొగాకు కుక్కుకుంటాం. కొట్లో ఏదో మాత్ర కొని మింగుతాం. “నాట్లు అయిపోనీ”, “పిల్ల పెళ్ళి కానీ”, “వచ్చే నెల చూద్దాం” అంటాం. ఇంట్లో గేదెకు జబ్బు చేస్తే ఆ పూటే పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతాం. మన నోటికి మాత్రం ఆ పూట ఎప్పుడూ రాదు.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పెద్దవాళ్ళ నోట్లో జ్ఞాన దంతాలతో కలిపి 32 పళ్ళు ఉంటాయి. పంటి పైన గట్టి పెంకు ఉంటుంది. దాన్ని పింగాణీ అంటారు. పంటి లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. నరమూ, రక్తనాళాలూ ఉండేది ఆ గుజ్జులోనే.

మనం తిన్న తీపి, పిండి పళ్ళ సందుల్లో ఉండిపోతాయి. కంటికి కనపడని సూక్ష్మజీవులు వాటిని తిని పులుపును తయారు చేస్తాయి. ఆ పులుపు పెంకును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. గుంట పడుతుంది. గుంట గుజ్జు దాకా పోతే నొప్పి మొదలవుతుంది. గుజ్జు కుళ్ళితే వేరు కింద చీము చేరుతుంది.

సంతలో కొందరు “పంటి పురుగు తీస్తాం” అంటారు. చెవిలోనో, దవడ మీదో ఏదో పెట్టి పురుగును చూపిస్తారు. పంటిలో అలాంటి పురుగు ఉండదమ్మా. ఆ పురుగు వాళ్ళ చేతిలోదే. పోయేది మన డబ్బు.

పన్ను నొప్పి పెట్టగానే తీసేయాలని కూడా లేదు. గుంట చిన్నగా ఉన్నప్పుడే వెళితే శుభ్రం చేసి సిమెంటు నింపుతారు. గుజ్జు దాకా పోయినా కొన్ని పళ్ళను వేరు శుభ్రం చేసి నిలబెడతారు. అందుకే ముందు డాక్టరును అడగండి: “ఈ పన్ను నిలబడుతుందా అమ్మా?” నిలబడదంటే అప్పుడు తీయించుకోవాలి.

మా పెద్దమ్మ సంగతి

మా పెద్దమ్మ కూలి పని చేస్తుంది. ఆమెకు కింది దవడ పన్ను పుచ్చింది. ఆరు నెలలు పొగాకు పెట్టుకునే నెట్టుకొచ్చింది. ఒక రాత్రి దవడ కింద వాచింది. తెల్లారేసరికి మెడ దాకా వచ్చింది. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. ఉమ్మి మింగలేకపోయింది. 108 బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడ కోసి చీము తీశారు. పన్ను తీశారు. అయిదు రోజులు మంచం మీదే ఉంది. “ఇంకొక్క రోజు ఆగితే ఊపిరి ఆడేది కాదమ్మా” అన్నారు డాక్టరు గారు. పంటి చీము నాలుక కిందికి, గొంతులోకి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది. పంటి వల్ల ప్రాణం పోతుందా అని ఇక అనుకోకండి. పోవచ్చు.

ఏడాది తరువాత ఆమెకే రెండో వైపు పన్ను పుచ్చింది. ఈసారి ఆగలేదు. నేను తోడు వెళ్ళాను. గంటలో పని అయిపోయింది. మూడో రోజున మామూలు పనిలోకి దిగింది. అదే మనిషి. తేడా అంతా ఎప్పుడు వెళ్ళిందన్నదాంట్లోనే ఉంది.

భయాలు, నిజాలు

“పై పన్ను తీస్తే కంటి చూపు పోతుంది” అని మనవైపు అంటారు. అది నిజం కాదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. పన్ను తీస్తే కంటికి ఏమీ కాదు. నెలసరిలో ఉన్నా పన్ను తీయించుకోవచ్చు.

రెండో భయం నొప్పి. పూర్వం ఈ భయం నిజమే. మత్తు లేని రోజుల్లో మనిషిని పట్టుకుని పన్ను పీకేవాళ్ళు. 1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు ఒక మత్తు గాలి పీల్చి తన పన్నునే తీయించుకున్నాడు. నొప్పి తెలియలేదు. ఆ తరువాత మత్తు మందులు ఒకటొకటిగా వచ్చాయి. ఇప్పుడు చిగురుకు ఇచ్చే సూదిలో సాధారణంగా లిగ్నోకేయిన్ అనే మందు ఉంటుంది. దాన్ని 1943లో స్వీడన్ దేశంలో కనిపెట్టారు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తరువాత పెదవి, దవడ మొద్దుబారతాయి. మనిషి మెలకువగానే ఉంటుంది.

మా పెద్దమ్మ సూది చూసి, “నొప్పెడతాదా తల్లీ?” అని అడిగింది. “లాగుతున్నట్టు తెలుస్తుందమ్మా, నొప్పి తెలియదు. తెలిస్తే చేయి ఎత్తు, ఆపేస్తాను” అంది డాక్టరమ్మ. పెద్దమ్మ చేయి ఎత్తలేదు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

పళ్ళ వైద్యం చదివి, పేరు నమోదు చేయించుకున్న డాక్టరు దగ్గరకే వెళ్ళాలి. చట్టం కూడా ఆ మాటే చెబుతోంది. బోర్డు మీద బీడీఎస్ అని ఉందో లేదో చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా! రోడ్డు పక్క పట్టకారుతో పన్ను తీసేవాళ్ళ దగ్గరకు పోవద్దు. ఒకరికి వాడినదే కడగకుండా ఇంకొకరికి వాడితే కామెర్లలాంటి జబ్బులు అంటుకుంటాయి.

జిల్లా ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు ఉంటారు. హైదరాబాద్, విజయవాడ, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మీకు దగ్గరలో ఎక్కడ చూస్తారో ఆశా కార్యకర్తను అడగండి.

డాక్టరు దగ్గర ఏదీ దాచవద్దు. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉంటే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి. వాటిని మీ అంతట మీరు మానేయకూడదు. ఏదైనా మందు పడకపోతే చెప్పాలి. కడుపుతో ఉంటే తప్పకుండా చెప్పాలి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పంటి పనికి అనువైన కాలం. వాపు, చీము ఉంటే మాత్రం ఏ నెలలోనైనా ఆగకుండా వెళ్ళాలి.

వట్టి కడుపుతో వెళ్ళవద్దు. కాస్త తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకుని వెళ్ళండి.

పన్ను తీసే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మొదటిసారి మా పెద్దమ్మ వేలిముద్ర వేసింది. రెండోసారి కాగితం చదివించుకుని, పేరు రాసింది.

ఆ ఒక్క రోజు

అక్కలారా, ఇప్పుడు అసలు సంగతికి వచ్చాం. పన్ను తీయడం డాక్టరు పని. ఆ తరువాతది మన పని.

పన్ను తీసిన చోట గుంట ఉంటుంది. ఆ గుంటలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డే అసలైన మందు. నారుమడి మీద కప్పిన గడ్డిలాగా అది లోపలి ఎముకను కాపాడుతుంది. దాని కిందే కొత్త కండ పుడుతుంది. గడ్డ ఊడిపోతే ఎముక బయటపడుతుంది. ఇక ఆ నొప్పి పన్ను నొప్పి కంటే ఎక్కువ.

పెద్దమ్మ ఇంటికి రాగానే పక్కింటి ఆమె వచ్చింది. “వేడి నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్ వదినా, చెడు రక్తమంతా పోవాలి” అంది. మంచికే చెప్పింది పాపం. కానీ అది చెడు రక్తం కాదు. ఉమ్మితే, పుక్కిలిస్తే గడ్డ ఊడి వస్తుంది.

మరి ఏం చేయాలి?

డాక్టరు పెట్టిన దూదిని అరగంట నుంచి ముప్పావుగంట దాకా గట్టిగా కొరికి పట్టుకోవాలి. మాట్లాడకూడదు. తీసి తీసి చూడకూడదు. ఇంకా రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి మళ్ళీ అరగంట కొరికి పట్టండి. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఆ రోజంతా ఉమ్మి కాస్త ఎర్రగా ఉంటుంది. కంగారు పడకండి. మింగేయండి.

మొదటి 24 గంటలు ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. గొట్టంతో పీల్చి తాగకూడదు. గుంటలో వేలు, పుల్ల, నాలుక పెట్టకూడదు.

మొద్దు వదలడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అంతవరకు ఏమీ నమలకండి. పెదవి కొరుక్కున్నా తెలియదు. తరువాత చల్లారిన రాగి జావ, మజ్జిగన్నం, పెరుగన్నం తినండి. రెండో వైపున తినండి. వేడి టీ, కారం, అప్పడం, జంతికలు వద్దు.

బుగ్గ మీద బయటి నుంచి గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పెట్టుకోండి. పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు ఆపాలి. తల కింద ఇంకో దిండు వేసుకుని పడుకోండి.

చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ, కిళ్ళీ ముట్టుకోకూడదు. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు అవ్వలు నిప్పును నోటి లోపల పెట్టి అడ్డపొగ తాగుతారు. పొగ ఏదైనా పుండును మాననివ్వదు. అడ్డపొగ అంగిట్లో క్యాన్సరు కూడా తెస్తుంది. పన్ను తీసిన సాకుతో చుట్టను పూర్తిగా మానేస్తే ఇంకా మంచిది.

బరువులు ఎత్తకూడదు. వంగి పని చేయకూడదు. పొయ్యి దగ్గర వేడిలో కూర్చోకూడదు. అలా చేస్తే రక్తం మళ్ళీ కారవచ్చు.

ఇక్కడే మనకు చిక్కు. నీళ్ళ బిందె ఎవరు ఎత్తాలి? వంట ఎవరు చేయాలి? గేదెకు గడ్డి ఎవరు వేయాలి? నాకు తెలిసి చాలామంది పన్ను తీయించుకుని ఇంటికి వచ్చి, కొంగు బిగించి పొయ్యి ముందు కూర్చుంటారు. ఎవరూ వద్దనరు. ఎందుకంటే ఎవరికీ మనం చెప్పం. చెప్పాలి, అక్కా. “ఈ రోజు నేను పని చేయకూడదని డాక్టరు చెప్పారు” అని ముందే చెప్పాలి. మా పెద్దమ్మ చెప్పింది. కోడలు వంట చేసింది. మా పెదనాన్న బిందె ఎత్తారు. వీధిలో అందరూ వింతగా చూశారు. చూడనీ! నీళ్ళయితే ఇంటికి వచ్చాయి.

మరునాటి నుంచి

24 గంటలు గడిచాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేయండి. తిన్న ప్రతిసారీ నోట్లో పోసుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించి వదిలేయండి. గట్టిగా పుక్కిలించవద్దు. ఒక వారం ఇలా చేయండి. గుంటను వదిలి మిగిలిన పళ్ళను తోముకోండి.

వాపు రెండో రోజో, మూడో రోజో ఎక్కువగా ఉండి, తరువాత తగ్గుతుంది. చిగురు పైన మూసుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. లోపల ఎముక నిండడానికి కొన్ని నెలలు పడుతుంది. షుగరు ఎక్కువుంటే ఆలస్యం అవుతుంది.

మందుల చీటీ మీరే చదవండి. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. 1-1-1 అంటే మూడు పూటలా. మందు అట్ట మీద గడువు తేదీ చూడండి. దాటిపోతే తిరిగి ఇచ్చేయండి. ఇచ్చిన రోజులన్నీ మందు వాడండి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపి, మిగిలినవి పక్కింటివాళ్ళకు ఇవ్వకండి.

నోటి మందును చిగురు మీద పెట్టకండి. చిగురు కాలిపోతుంది. డాక్టరు రాయకుండా ఆస్పిరిన్ మింగకండి. రక్తం ఆగదు.

ఎప్పుడు మళ్ళీ వెళ్ళాలి?

తగ్గిన నొప్పి మూడో రోజో, నాలుగో రోజో పెరిగి చెవి దాకా లాగితే వెళ్ళాలి. నోరు కంపు కొట్టినా వెళ్ళాలి. గడ్డ ఊడిందని అర్థం. డాక్టరు గుంట కడిగి మందు పెడితే తగ్గుతుంది. జ్వరం వచ్చినా, వాపు పెరుగుతున్నా వెళ్ళాలి. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే 108కు ఫోన్ చేయండి. పుండు రెండు మూడు వారాలైనా మానకపోతే తప్పక చూపించాలి.

ఇక పన్ను పోయిన సందు. దాన్ని అలాగే వదిలేస్తే పక్క పళ్ళు అటు వాలతాయి. నమలడం కష్టమవుతుంది. పుండు మానాక కట్టుడు పన్ను గురించి డాక్టరును అడగండి.

నా మాటలు అయిపోయాయి. మనలో ఎవరికైనా ఇప్పుడు పన్ను నొప్పి ఉంటే వెళ్ళే ముందు నాకు చెప్పండి. సిగ్గుపడకండి. ఇద్దరు ముగ్గురం కలిసి వెళదాం. ఒకరికి ఒకరం తోడుంటాం.

ఇప్పుడు పలకలు తీయండి. ఈ నాలుగు మాటలూ రాసి, ఇంటికి వెళ్ళి అందరికీ చదివి వినిపించండి.

పన్ను నొప్పిని దాచను.
డాక్టరు దగ్గర ఏదీ దాచను.
పన్ను తీసిన రోజు ఉమ్మను, పుక్కిలించను.
ఆ ఒక్క రోజు బిందె ఎత్తను.