అఖండదీపానికి ఆవులనిచ్చినవారు

(రథసప్తమి నాడు వరంగల్ కాశిబుగ్గలో జరిగిన భక్తుల సభలో చేసిన ప్రసంగపాఠం)



ఈ ఉదయం మన ఆలయ ప్రాంగణంలో ఆడపడుచులు పిడకల మీద పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నం ఉంచి సూర్యనారాయణమూర్తికి నివేదించారు. ఆ ప్రసాదం స్వీకరించిన నోటితోనే సూర్యుణ్ణి గురించి నాలుగు మాటలు చెప్పమని ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. మూడు దశాబ్దాలకు పైగా విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. కనుక పురాణం జోలికి పోకుండా నాకు తెలిసిన కరెంటు మాటే చెబుతాను.

మన అన్నదానశాల పైకప్పు మీద సౌరఫలకాలు అమర్చాలని ధర్మకర్తల మండలి సంకల్పించిన సంగతి మీకు తెలుసు. దాతలు కూడా ముందుకు వచ్చారు. ‘డబ్బు సమకూరుతున్నప్పుడు ఇంకా సభలెందుకు, పని మొదలుపెట్టవచ్చు కదా’ అని కొందరు అడుగుతున్నారు. వారి ఆతురత నాకు సంతోషమే. అయితే మొదలుపెట్టే ముందు దాతలు వినవలసిన మాట ఒకటి ఉంది.

మన పూర్వులు దేవుడికి దీపాన్ని ఎలా సమర్పించేవారో శాసనాలు చెబుతాయి. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో అఖండదీపాలకు చేసిన దానాల శాసనాలు ఎన్నో ఉన్నాయి. దీపం వెలిగించదలచిన దాత నేతికుండ తెచ్చి పెట్టి వెళ్ళలేదు. ఆవులనో గొర్రెలనో ఇచ్చాడు. వాటిని కాచే బోయకు అప్పగించి, రోజూ ఇంత నేయి తెచ్చి దీపంలో పోయాలని కట్టడి చేశాడు. తంజావూరు బృహదీశ్వరాలయంలో ఆ లెక్క మరీ స్పష్టం. ఒక దీపానికి 96 గొర్రెలు, కాకుంటే 48 ఆవులు, అదీ కాకుంటే 16 గేదెలు. తమిళ శాసనాలలో ఆ మందకు ‘చావని, ముసలివి కాని గొర్రెలు’ అనే అర్థం వచ్చే పేరు ఉంది. ముసలి గొర్రె పోతే దాని పిల్ల ఆ స్థానంలోకి వస్తుంది. మంద సంఖ్య తగ్గకూడదు, దీపం ఆరకూడదు. నేడు మనం పునరుత్పాదక శక్తి అని పెద్ద మాటతో చెప్పుకుంటున్నది ఆనాటి దాతకు మందరూపంలో తెలుసు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. అటువంటి శాసనాలలో దాత పేరుతో పాటు ఆ మందను స్వీకరించిన కాపరి పేరు కూడా చెక్కించారు. నేయి తెచ్చే బాధ్యత అతనిది, అతని తరువాత అతని సంతతిది. దీపదానమంటే దీపమూ, దాన్ని ఆరకుండా చూసే మనిషీ, ఆ మనిషికి ఆధారమూ కలిసిన ఏర్పాటు. నేటి శిలాఫలకాల మీద దాత పేరు బంగారు అక్షరాలలో ఉంటుంది. రేపు దాని బాగోగులు చూసేవాడి పేరు ఎక్కడా ఉండదు.

చెరువుల విషయం కూడా అంతే. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప దేవాలయం కట్టించాడు, దానికి తోడుగా చెరువు ఉంది. నర్సంపేట దారిన వెళితే గణపతిదేవుని కాలంనాటి పాకాల ఉంది. కట్ట పోసినంత మాత్రాన చెరువు నిలవదని వారికి తెలుసు. అందుకే దశబంధమనే మాన్యాల ఏర్పాటు చేసి, ఆయకట్టులో కొంత భూమిని చెరువు బాగుకు ముడిపెట్టారు. తూము తీసి నీరు పారించడానికి ఊరూరా నీరటి ఉండేవాడు. ఆ నీరటి వ్యవస్థ సన్నగిల్లిన చోట పూడిక పెరిగింది, మత్తడి శిథిలమైంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో ఆ పూడిక తీయవలసి వచ్చింది. 2023 జూలైలో మన భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన రోజు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బుగ్గ అంటే నేలలోంచి ఊరే నీరు. ఊరి పేరులోనే నీటిని పెట్టుకున్న మనకు ఇంతకంటే చెప్పనక్కరలేదు.

పాతకాలం మాటలు ఇప్పుడెందుకని అనుకునేవారు గంగదేవిపల్లికి వెళ్ళి రండి. మనకు దూరం కాదు, గీసుగొండ మండలమే. ఆ ఊరివారు బాలవికాస సంస్థ సహకారంతో, తమ వంతు డబ్బూ శ్రమా కలిపి మంచినీటి ట్యాంకు కట్టుకున్నారు. ట్యాంకులు కట్టిన ఊళ్ళు చాలా ఉన్నాయి. గంగదేవిపల్లివారు ట్యాంకుతో పాటు నీటి కమిటీని కూడా నిలబెట్టుకున్నారు. మద్యనిషేధానికొక కమిటీ, నీటికొకటి, పారిశుద్ధ్యానికొకటి. పని ఎవరిదో ఊరందరికీ తెలుసు. మోటారు చెడితే ఎవరి తలుపు తట్టాలో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 2007లో ఆ ఊరికి నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. దేశం నలుమూలల నుంచి జనం వచ్చి చూసి వెళుతున్నారు. వారిలో ఎందరు ట్యాంకును చూసి వెళ్ళారో, ఎందరు కమిటీ పుస్తకాన్ని తెరిచి చూశారో నాకు సందేహమే.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా చూశాను. పేరు చెప్పను, ఒక ఆలయంలో కోనేటి చుట్టూ దాతలు సౌరదీపాలు పెట్టించారు. మొదటి ఏడాది కార్తికంలో అవి కోనేటికి ఎంతో అందాన్నిచ్చాయి. నాలుగేళ్ళ తరువాత నేను వెళ్ళేసరికి ఒక్కటీ వెలగడం లేదు. బ్యాటరీలు చచ్చిపోయాయి, ఫలకాల మీద పావురాల రెట్టలు గట్టిపడ్డాయి. స్తంభాల మీద దాతల పేర్లు మాత్రం చక్కగా చదవడానికి వీలుగా ఉన్నాయి. చీకట్లో కోనేటి మెట్లు దిగుతున్న ఒక వృద్ధురాలికి నా ఫోను వెలుతురు చూపించవలసి వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఒక కిలోవాట్ ఫలకాలకు సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. మన ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. పది కిలోవాట్లు పెడితే నెలకు 1,200 యూనిట్ల వరకు ఆశించవచ్చు. ఎండ మండే మే నెలలోనే దిగుబడి అన్నిటికంటే ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫలకానికి కావలసింది వెలుతురు. వేడెక్కితే దాని శక్తి కొంత తగ్గుతుంది. దుమ్ము పడితే మరింత తగ్గుతుంది. కాశిబుగ్గ దుమ్ము గురించి, ఏనుమాముల మార్కెట్‌కు వెళ్ళే లారీల గురించి మీకు నేను చెప్పాలా! కోతుల సంగతి కూడా ఉంది. ఆంజనేయస్వామి పరివారాన్ని తప్పుపట్టలేము కానీ, వైర్లను గొట్టాలలో నడపకపోతే నెల తిరక్కుండానే పీకి పారేస్తాయి.

అన్నదానశాలకు తూర్పున ఉన్న రావిచెట్టు నీడ ఉదయం పైకప్పు మీద పడుతుంది. ఒక ఫలకం మీద నీడ పడినా దానితో వరుసగా కలిపిన మిగిలిన వాటి దిగుబడి కూడా పడిపోవచ్చు. చెట్టు కొట్టేద్దామన్న మాట ఒకరిద్దరి నోట వచ్చింది. అది నాకు సమ్మతం కాదు, ధర్మకర్తలకూ కాదు. మన పెద్దలు చెప్పిన సప్తసంతానాలలో దేవాలయం, చెరువులతో పాటు వనం కూడా ఉంది. ఒక పుణ్యం కోసం మరొక పుణ్యాన్ని నరకడం ఏ శాస్త్రం? ఫలకాలను పడమటి సగానికి జరిపి, దక్షిణానికి సుమారు 18 డిగ్రీల వాలుతో పెడితే సరిపోతుంది. రెండు ఫలకాలు తక్కువ పడితే పడనివ్వండి.

మరొక మాట ఇప్పుడే చెప్పకపోతే రేపు దాతలే నన్ను నిలదీస్తారు. బ్యాటరీలు లేకుండా విద్యుత్ లైనుకు కలిపే పద్ధతిలో, బయట కరెంటు పోతే మన సౌరవిద్యుత్తు కూడా ఆగిపోతుంది. ‘నడినెత్తిన సూర్యుడుండగా ఫ్యాన్లు ఆగాయేమిటి’ అని ఆశ్చర్యపోకండి. కరెంటు ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ మీదికి మన పైకప్పు నుంచి కరెంటు వెళ్ళకూడదు. అందుకోసమే ఇన్వర్టర్ తనంత తాను ఆగుతుంది. స్తంభాలెక్కే మనుషులతో జీవితమంతా గడిపినవాణ్ణి కనుక ఆ ఏర్పాటుకు చేతులెత్తి దణ్ణం పెడతాను. కరెంటు పోయిన వేళకు అవసరమైన నాలుగు దీపాలకు విడిగా చిన్న బ్యాటరీ పెట్టుకుందాం. పగలు మనం వాడగా మిగిలినది లైనులోకి వెళ్ళి, నెట్ మీటరింగ్ ప్రకారం రాత్రి వాడకంలో లెక్కకు వస్తుంది. గర్భాలయంలోని దీపం ఎప్పటిలాగే నేతితో, నూనెతో వెలుగుతుంది. అర్చకస్వామికి ఆ విషయంలో ఏ సంశయమూ అక్కరలేదు.

ఇళ్ళ మీద పెట్టుకునేవారికి కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం ఉంది. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ. అది నివాసగృహాలకు సంబంధించినది. ఆలయానికి దాతల చేయే ఆధారం.

వంటకు కూడా సూర్యుణ్ణి వాడుకోవచ్చు. తిరుమలలో నిత్యాన్నదానానికి 2002లో 106 పెద్ద అద్దాలతో ఆవిరి వంట ఏర్పాటు చేశారు. రోజుకు 15,000 మందికి వండే సామర్థ్యం దానిది. 2009లో శిరిడీలో 73 అద్దాలతో అటువంటిదే వచ్చింది. మన స్థాయికి అంతది అవసరం లేదు. నాకు నచ్చింది హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్ ఏర్పాటు. అక్కడ రోజూ పోగయ్యే సుమారు 10 టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల వరకు విద్యుత్తు, 30 కిలోల గ్యాసు తీస్తున్నారు. మన విస్తరాకులు, కూరగాయల తొక్కలు, నిర్మాల్యం పూలు నేడు మునిసిపాలిటీ బండెక్కుతున్నాయి. ఒక చిన్న గోబర్ గ్యాస్ గుంటకు అవి చాలు. కానీ ఆ గుంటను రోజూ కలిపి మేత పెట్టే మనిషి దొరికిన తరువాతే దాని మాట ఎత్తుదాం. మేత మానేస్తే అది ఆవు వలెనే ఎండిపోతుంది.

గత మాసం ఒక తల్లి ఆలయ కార్యాలయానికి వచ్చింది. కీర్తిశేషుడైన భర్త పేరిట ఫలకాల ఖర్చంతా తానే ఇస్తానంది. చేతిసంచిలో పోస్టాఫీసు పొదుపు పుస్తకం ఉంది.

“సారూ, ఆయన పేరు మీద పెట్టినయి ఎన్నేండ్లు నడుస్తయి?” అని అడిగింది.

“అమ్మా, ఫలకాలు పాతికేళ్ళు వస్తాయి. కరెంటును మార్చే ఇన్వర్టర్‌ను మాత్రం పది పన్నెండేళ్ళకు కొత్తది కొనాలి” అన్నాను.

“గప్పటికి నేనుండ గద. మరి ఎవరు కొంటరు?”

ఆ ప్రశ్నకు ఆ రోజు కార్యాలయంలో ఉన్నవారెవరి దగ్గరా జవాబు లేదు. ఆమె సొమ్ము తీసుకోకుండా, కొద్దిరోజులు ఆగమని పంపాము. ఈ రోజు నేను మాట్లాడుతున్నది ఆమెకు చెప్పవలసిన జవాబే. ఆమె మూడవ వరుసలో కూర్చుని ఉంది.

అమ్మా, ధర్మకర్తలతో కూర్చుని ఆలోచించి ఈ విధంగా నిశ్చయించాము. సౌరఫలకాలకు వచ్చే ప్రతి నూరు రూపాయలలో ఇరవై వేరే ఖాతాలో జమ అవుతాయి. అసలు ముట్టరు, వడ్డీ మరమ్మతులకు. ఇన్వర్టర్ మార్చే ఏడు మాత్రమే అసలులోంచి తీస్తారు. ఏ నెల ఎన్ని యూనిట్లు వచ్చాయో కార్యాలయం ముందు పలక మీద రాస్తారు. అకస్మాత్తుగా అంకె పడిపోతే ఏదో చెడిందని అందరికీ తెలుస్తుంది. నీవు ఇవ్వదలచినదంతా ఫలకాలకే పెట్టవద్దు. మీ ఆయన పేరు గోడ మీద ఉంటుంది. దాని కిందనే ఆ ఏడాది నిర్వహణ బాధ్యత తీసుకున్నవారి పేర్లు కూడా ఉంటాయి, ఏటా మారుతూ.

ఫలకాలను పదిహేను రోజులకొకసారి కడగాలి. ఎండ ఎక్కకముందే, మెత్తని గుడ్డతో, మంచినీటితో. సబ్బు వాడకూడదు, వేడెక్కిన గాజు మీద చన్నీళ్ళు పోయకూడదు. ఒక్కొక్క విడతకు నలుగురు కావాలి, ఇద్దరు పైన, ఇద్దరు కింద. నడుముకు తాడు లేకుండా ఎవరినీ పైకి ఎక్కనివ్వరు. మన పేటలోని భజన బృందాలు, కాలనీ సంఘాలు, కళాశాల విద్యార్థులు వంతులు పంచుకుంటే ఏడాదికి ఒక్కొక్కరికి ఒకటి రెండు సార్లకు మించి రాదు. వంతుల పుస్తకం అన్నదానశాల కార్యాలయంలో ఈ సాయంత్రం నుంచి ఉంటుంది. దూరప్రాంత భక్తులు డబ్బు పంపవచ్చు, ఈ పేటవారు పేరు రాయించాలి. ఇరవై నాలుగు విడతలకూ మనుషులు నిండిన తరువాతే ఫలకాలకు ఆర్డరు ఇస్తామని ధర్మకర్తలు మాట ఇచ్చారు. మొదటి విడతలో నా పేరు రాశాను. నిచ్చెన ఎక్కే వయసు దాటింది కనుక కింద నిలబడి నీటిగొట్టం పట్టుకుంటాను. నాకు తోడు ఇంకా ముగ్గురు కావాలి.