1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి

(పెదవేగి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవ సమయమున మృత్యువును గూర్చి మాట్లాడుట ఉచితమా యని మీరు శంకింపవచ్చును. వేంగీ రాజధానియైన ఈ పెదవేగిలో శాలంకాయనుల కథ, చాళుక్యుల కథ చెప్పుకొనుట మనకు పరిపాటి. మన్ను త్రవ్వగా బయల్పడిన ఇటుకలను చూచి పొంగిపోదుము. కాని మన తాతముత్తాతల నాడు, కొలది మాసములలో, దేశమున కోటికి పైగా ప్రజలను పొట్టన బెట్టుకొన్న వ్యాధిని మాత్రము మరచితిమి.

1918 జూన్‌లో బొంబాయి రేవున కాపలా కాయుచున్న పోలీసు సిపాయిలు కొందరు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. ఆ మొదటి విడత అంతగా బాధింపలేదు. సెప్టెంబరులో అదియే ఉగ్రరూపము దాల్చి రైలుబండ్లతోపాటు దేశమెల్ల వ్యాపించెను. బొంబాయి రాజధానిలోను, మధ్య పరగణాలలోను జరిగినంత నాశనము మద్రాసు రాజధానిలో జరుగలేదు; అయినను మనకును తప్పలేదు. ఏలూరు అప్పుడు కృష్ణా మండలములోనిది, మద్రాసు–కలకత్తా రైలుమార్గముమీది పట్టణము. ఆ యేడు వర్షములు తప్పినవి. యుద్ధము వలన ధరలు మండిపోయినవి. తిండి చాలని దేహములపై ఆ వ్యాధి వచ్చిపడెను.

దీనికి ‘స్పానిష్ జ్వర’మను పేరెట్లు వచ్చినది? యుద్ధము చేయుచున్న దేశములు తమ పత్రికల నోళ్లు నొక్కినవి. యుద్ధమున చేరని స్పెయిన్‌లో పత్రికలు ఉన్నదున్నట్లు వ్రాసినవి. నిజము చెప్పిన దేశమునకే నింద మిగిలినది.

ముసలివారిని, పసివారిని మాత్రమే గాక, ఇరువది మొదలు నలువది యేండ్ల వయసువారిని అది విశేషముగా హరించినది. మన దేశమున పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా మరణించిరి. ఇంటిల్లిపాదికి సేవ చేయవలసినది ఆమెయే, చివర మిగిలిన గంజి త్రాగవలసినదియు ఆమెయే గదా! న్యుమోనియా సోకినవారికి మందు లేదు. పెన్సిలిన్ కనుగొనబడినది 1928లో. మనుష్యులలోని ఇన్‌ఫ్లుయెంజా వైరసును వేరుచేసినది 1933లో.

ఇక లెక్కల మాట. మొదట ప్రభుత్వము దేశమున సుమారు 60 లక్షలమంది మరణించిరనెను. 1921 జనాభా లెక్కలు వచ్చిన పిమ్మట అది కోటి ఇరువది లక్షలు దాటెను. తరువాతి పరిశోధకులు కొందరు కోటి డెబ్బది లక్షలనిరి. పదేండ్లలో దేశ జనాభా నూటికి ఒకటింబావు మాత్రమే పెరిగినది. ఈ వ్యత్యాసమేల? చావుపుట్టుకల చిట్టా గ్రామమున వ్రాయవలసినది. వ్రాయువాడే మంచము పట్టినప్పుడు చిట్టా నిలిచిపోయెను. వ్రాయబడని మనిషి రెండుమార్లు మరణించినట్లే.

భద్రపరచిన దాని ఫలమును గూడ వినుడు. ఆనాడు మరణించిన సైనికుల శ్వాసకోశముల తునకలను అమెరికా వైద్యులు దాచియుంచిరి. అలాస్కా మంచునేలలో పాతిపెట్టిన ఒక స్త్రీ దేహము గూడ లభించెను. వాని ఆధారముననే శాస్త్రజ్ఞులు 2005 నాటికి ఆ వైరసు స్వరూపమును పూర్తిగా గ్రహించిరి.

1957లో ఇన్‌ఫ్లుయెంజా వేరొక రూపమున ఓడనెక్కి మద్రాసు రేవులో దిగెను. 2020లో కొవిడ్ వచ్చెను. అది వేరొక జాతి వైరసైనను, మన ముఖములకు గుడ్డ కట్టించినది, ఇండ్లలో కూర్చుండబెట్టినది. ఈసారి ఏడాది తిరుగకుండ టీకా వచ్చినది. 2021 జనవరి 16న మన దేశమున వేయ మొదలిడిరి. ముత్తాతలకు లేని భాగ్యమది.

గాంధీమహాత్ముడు 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో పడకబట్టెనని కొందరు చెప్పుచుందురు. ఆయన ఆత్మకథ తెరచిన, అది జిగట విరేచనముల వ్యాధియని తెలియును. పుస్తకము చేరువనుండుట వలని ప్రయోజనమిదియే.

కనుక నా మనవి ఒక్కటి. కొవిడ్ దినములలో ఈ గ్రామమున ఎవరెవరు పోయిరో, ఎవరు ఎవరికి అన్నము వండి పంపిరో, చూచినవారు ఇంకను మనలోనున్నారు. ఈ గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకముంచి, వారిచేత వ్రాయింపుడు. వ్రాయలేని పెద్దలు చెప్పగా మన పిల్లలు వ్రాయుదురు. స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలలో అంతకంటె విలువైన గ్రంథము మరొకటి యుండదు.