పెట్టె ఒకటి, లెక్కించువారు ఇద్దరు

ఈ దినమున రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములోని ఒక సంగతిని ధ్యానించుకుందము. బైబిలు దగ్గరనున్నవారు తెరచి ఉంచుకొనండి.

యోవాషు రాజు దేవాలయము బాగుచేయవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ప్రజలు డబ్బు తెచ్చుచునే యున్నారు. అయితే అతని ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరము వచ్చినను గోడల బీటలు అట్లే యున్నవి! గమనించండి, ఇచ్చువారు లేక పని ఆగలేదు. ఎవరి చేతికి ఎంత వచ్చినదో, ఎక్కడికి పోయినదో తెలియక ఆగిపోయినది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జము చేయించి, బలిపీఠము దగ్గర పెట్టించెను. పెట్టె నిండినప్పుడు రాజు యొక్క లేఖకుడు ఒకడు, ప్రధాన యాజకుడు ఒకడు, ఇద్దరు కలిసి లెక్కించి సంచులలో కట్టిరి. అంతే. పెద్ద కార్యాలయము లేదు, పెద్ద సిబ్బంది లేదు.

ఈ మాటలు ఎందుకు చెప్పుచున్నానంటే, మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో చిన్న చిన్న సేవాసంస్థలు అనేకము కలవు. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం మండలాల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. వాన సరిగా పడని ఏడాది ఊరికి ఊరే సుగ్గికి పోవును. పత్తి ఏరుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వెళ్ళుదురు. పిల్లలు బడి మాని తలిదండ్రుల వెంట పోవలెను, లేదా అవ్వ దగ్గర నిలిచిపోవలెను. ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ళు నడిపినను, నిలిచిపోయిన పిల్లలకు సాయంత్రము నాలుగు అక్షరములు చెప్పి, ఒక పూట అన్నము పెట్టు పని చాలచోట్ల ఇద్దరు ముగ్గురి మీదనే నడుచుచున్నది. ఒక మాస్టరు, ఒక వంటమనిషి, లెక్కలు వ్రాసే ఒక రిటైరైన పెద్దాయన. డబ్బు రాని నెలలో ముందుగా ఆగిపోవునది ఆ వంటమనిషి జీతమే.

పూర్వము ఇట్టి చిన్న సంస్థలకు పెద్ద సంస్థల ద్వారా విదేశీ సహాయము కొంత అందెడిది. 2020లో విదేశీ విరాళముల చట్టము సవరింపబడిన తరువాత ఆ దారి మూతపడినది. విదేశీ ధనము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడవలెను. పుచ్చుకొన్న సంస్థ దానిని మరియొక సంస్థకు పంచి ఇయ్యకూడదు. కార్యాలయ ఖర్చుల పరిమితి నూటికి 50 నుండి 20కి తగ్గినది. కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఉన్నది గదా అని కొందరందురు. 2013 కంపెనీల చట్టము ప్రకారము అది 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభము గాని ఉన్న కంపెనీలకే వర్తించును. ఆదోని మార్కెట్ యార్డు చుట్టునున్న జిన్నింగు మిల్లులలో ఆ లెక్కకు వచ్చునవి ఎన్ని? మిల్లు యజమాని మీకు ఇచ్చిన యెడల చట్టము కొరకు ఇయ్యడు, మిమ్మును ఎరిగి ఇచ్చును.

కాబట్టి ఎరిగినవారి దగ్గరకే వెళ్ళవలెను. ఇది చిన్నతనము కాదు. ప్రక్కనున్న అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో ప్రారంభించిన ఆర్.డి.టి. స్పెయిన్ దేశపు దాతల చందాలతో పెరిగినది. అట్టి సంస్థయే తరువాత మన పల్లెల ఇళ్ళలో హుండీలు పెట్టించినది. అంతకు ముందే, 1912లో బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారి దోర్నకల్ మండలములో, కూలి చేసికొను తల్లులు వంటకు కొలిచిన బియ్యములో నుండి పిడికెడు తీసి దేవుని పనికి ప్రత్యేకించెడివారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘము స్థాపించినప్పుడు మగ్గమే ఆధారమైన వారిని నమ్మి పని మొదలుపెట్టిరి.

లెక్క చూడండి. నెలకు 50 రూపాయలిచ్చు ఇళ్ళు 200 ఉన్న యెడల నెలకు 10,000, సంవత్సరమునకు 1,20,000. ఒక్కసారి లక్ష ఇచ్చి మరచిపోవు దాతకంటె ఈ 200 ఇళ్ళు మేలు. అయితే ఇద్దరు మనుష్యులు 200 ఇళ్ళు తిరుగలేరు. పేటకొక అక్కయ్యను అడిగి, ఆమెకు ఇరువది ఇళ్ళు అప్పగించండి. అడుగుటకు సమయము కూడ ఎరిగి యుండవలెను. పత్తి డబ్బు చేతికి వచ్చు దినములలో ఆదోనిలో అడుగుట వేరు, మే నెలలో అడుగుట వేరు. ఎమ్మిగనూరు జాతర దినములలో మాత్రము ఏ దుకాణదారుని యొద్దకు పోకండి. ఆయన మీ మాట వినడు, మీరును ఆయన బేరము చెడగొట్టుదురు!

ఇక అసలు చిక్కునకు వచ్చెదను. “పిల్లల అన్నానికైతే ఇస్తామయ్యా, జీతాలకు ఇవ్వము” అని దాతలు అందురు. మంచి మనస్సుతోనే అందురు. అయితే యోవాషు పెట్టెలోని ధనము దేనికి ఖర్చయినదో చదివితిరా? వెండి పాత్రలకు కాదు. వడ్లవారికి, తాపీ పనివారికి, రాళ్ళు చెక్కువారికి కూలి ఇచ్చిరి, మ్రానులు, రాళ్ళు కొనిరి. అన్నము తనంతట తాను ఉడకదు గదా! వంటమనిషి జీతము సేవలో భాగమే గాని సేవకు పడిన కోత కాదు. దీనిని దాచకుండ ముందుగానే చెప్పండి. బియ్యమునకు ఇంత, గ్యాసుకు ఇంత, మనిషికి ఇంత అని ఒక కాగితము మీద వ్రాసి చూపండి. విని ఇయ్యనివారు కొందరుందురు. పరవాలేదు.

అదే అధ్యాయములో పనివారిని లెక్క అడుగలేదని కూడ ఉన్నది. ఆ వచనమును పట్టుకొని లెక్కలు చూపనక్కరలేదనువారు కలరు. అది నమ్మకముగా కూలి పంచినవారిని గూర్చిన మాట. పెట్టె తెరచినది మాత్రము ఇద్దరే. పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా పోగుచేసినప్పుడు తీతును మాత్రమే పంపలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని కూడ జతచేసెను. ఎవడును తప్పు పట్టకుండునట్లు జాగ్రత్తపడుచున్నామని తానే వ్రాసెను. అపొస్తలునికే సాక్షి కావలసి వచ్చినప్పుడు, మన సంస్థ కార్యదర్శిని రెండవ సంతకము అడుగుట ఆయనకు అవమానమెట్లగును?

మరియొక మాట. ఏడ్చుచున్న బిడ్డ ఫోటో తీసి కరపత్రము మీద వేయకండి. ఆ బిడ్డ రేపు పదవ తరగతికి వచ్చును. ఆ కరపత్రము అప్పటికిని ఎవరి గోడమీదనో ఉండును. ఎందరు పిల్లలు వచ్చిరి, ఎన్ని దినములు అన్నము పెట్టితిమి, ఎంత బాకీ యున్నది అని చెప్పిన చాలును. పెద్ద మొత్తము ఇచ్చువారిని బ్యాంకు ద్వారానే ఇయ్యమనండి. 2017 నుండి 2,000 రూపాయలకు మించిన నగదు విరాళమునకు పన్ను మినహాయింపు లేదు.

సుగ్గికి పోవువారి ఇళ్ళలో కూడ పెట్టెలుండవచ్చును. వారిని బీదలని ఎంచి విడిచిపెట్టకండి. పిల్లలు వారివే గదా. అయితే వారు ఇంటికి తాళము వేసి బండి ఎక్కకముందే వెళ్ళి, వారి యెదుటనే పెట్టె తెరచి, ఇద్దరు లెక్కించి, రసీదు వారి చేతికే ఇయ్యండి.